సింథటిక్ ఇంజన్ ఆయిల్, అరుగుదల: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌కు ఇంజన్ పనికి వచ్చే బండ్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘సింథటిక్ ఆయిలే పోయిస్తున్నాను కదా, రింగులు ఎందుకు అరిగాయి?’ ఈ వృత్తిలో ఉన్నవాడిగా దీనికి వివరంగా సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

అపోహ: సింథటిక్ అని రాసి ఉన్నవన్నీ ఒకటే.

వాస్తవం: అడిటివ్‌లు (గుణాలు పెంచే రసాయనాలు) కలపకముందు ఉండే మూల నూనెలైన బేస్ ఆయిళ్లను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) ఐదు గ్రూపులుగా విభజించింది. నాలుగో గ్రూపుకు చెందిన పాలీఆల్ఫాఓలెఫిన్ (పీఏఓ), ఐదో గ్రూపులోకి వచ్చే ఎస్టర్లు రసాయనికంగా తయారవుతాయి. మూడో గ్రూపు ముడిచమురు నుంచే వచ్చినా, హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేయడం వల్ల దాని స్నిగ్ధతా సూచిక (వేడికి చిక్కదనం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే అంకె) 120కి తగ్గదు. చాలా దేశాలలో దీనినీ సింథటిక్ పేరుతోనే అమ్ముతారు.

అపోహ: బేస్ ఆయిల్ ఎంత ఖరీదైనదైతే అరుగుదల అంత తక్కువ.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. క్రాంక్ షాఫ్ట్ వేగంగా తిరిగేటప్పుడు బేరింగులలో లోహాలను ఆయిల్ పొరే విడదీసి ఉంచుతుంది కనుక అక్కడ చిక్కదనం ముఖ్యం. దానిని 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన ఒరిపిడి కింద కొలుస్తారు. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ ఎస్ఎఇ ప్రకారం అది 5డబ్ల్యూ-30 గ్రేడ్‌కి కనీసం 2.9, 15డబ్ల్యూ-40కి 3.7 మిల్లీపాస్కల్ సెకండ్లు ఉండాలి. అయితే క్యామ్ ట్యాపెట్‌ను నొక్కే చోట, పిస్టన్ పై అంచుకు చేరి దిశ మార్చుకునే చోట ఆ పొర పలచబడి లోహం లోహాన్ని తాకుతుంది. అక్కడ కాపాడేది జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ అనే అడిటివ్; వేడికి, ఒత్తిడికి అది లోహంపై రక్షణ పొరగా ఏర్పడుతుంది. అందువల్ల మంచి అడిటివ్‌లున్న మూడో గ్రూపు ఆయిల్, అవి సరిగా లేని పీఏఓ కంటే ఇంజన్‌ను బాగా కాపాడగలదు. అలాగని జింకు ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు: జెడ్‌డీడీపీలోని ఫాస్ఫరస్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి పెట్రోల్ ఇంజన్ ఆయిళ్ల ప్రమాణమైన ఎపిఐ ఎస్పీలో 30, అంతకంటే పలచని గ్రేడ్లకు దానిని 0.08 శాతానికి పరిమితం చేశారు.

కొన్ని దుకాణాలలో తిరిగే చక్రానికి బేరింగును ఆనించి ఆయిల్ బలాన్ని చూపిస్తారు. అది గేర్ ఆయిళ్ల పరీక్షకు దగ్గరగా ఉంటుందే తప్ప ఇంజన్ లోపలి పరిస్థితిని చూపదు. క్లోరిన్ అడిటివ్‌లు అందులో సులభంగా నెగ్గుతాయి, ఇంజన్‌లో మాత్రం బేరింగులను తినేస్తాయి.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిలే కావాలి.

వాస్తవం: బయట 45 డిగ్రీలున్నా థర్మోస్టాట్ కూలెంట్‌ను సుమారు 90 డిగ్రీల వద్ద నిలుపుతుంది, గ్రేడ్‌ను మాన్యువల్ చూసే ఎంచుకోవాలి. అయితే 0డబ్ల్యూ గ్రేడ్ స్టార్టింగ్ పరీక్ష మైనస్ 35 డిగ్రీల వద్ద జరుగుతుంది. మన చలికాలానికి దాని వల్ల దక్కే అదనపు లాభం చాలా తక్కువ.

అపోహ: సింథటిక్ పోస్తే మిగతావి చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: దుమ్మును ఏ ఆయిలూ ఆపలేదు. ఇసుక తోలే లారీలలో ఎయిర్ ఫిల్టర్ గొట్టం క్లిప్పు వదులైతే సన్నని ఇసుక నేరుగా లైనర్‌లోకి (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గొట్టం) వెళ్లి గీస్తుంది. తీసిన ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు దుమ్ముకు గుర్తయిన సిలికాన్, అరుగుదలకు గుర్తయిన ఇనుము రెండూ కలిసి పెరుగుతుంటే, ఆయిల్ బ్రాండు మార్చేముందు ఆ గొట్టాన్ని, ఫిల్టర్ అంచు సీలును విప్పి చూడండి.