స్కూలు పిల్లలపై లైంగిక హింస: డాక్టర్‌గా నేను వినే అపోహలు

స్కూలుకెళ్లే ఆడపిల్ల మీద లైంగిక దాడి జరిగిందనగానే అందరికీ ముందు కేసు, కోర్టు గుర్తొస్తాయి. ఆసుపత్రి ఆఖర్న గుర్తొస్తుంది, అదీ రిపోర్టు కోసం. ఇంత ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు మనసు కలచివేస్తుంది.

అపోహ: ఇది నేరం. ఆరోగ్య శాఖకేం సంబంధం?

వాస్తవం: హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం) 1996లోనే తీర్మానించింది. యునిసెఫ్ 2024లో ఇచ్చిన అంచనా చూడండి. ప్రపంచవ్యాప్తంగా ఇప్పుడున్న ఆడపిల్లలు, మహిళల్లో 37 కోట్ల మందికి పైగా 18 ఏళ్లు నిండకముందే అత్యాచారానికో లైంగిక దాడికో గురయ్యారు. అంటే ప్రతి 8 మందిలో ఒకరు.

అపోహ: ముందు ఇంట్లో మాట్లాడుకుని, నిజమో కాదో తేల్చుకుని ఆసుపత్రికి వెళ్దాం.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసే అత్యవసర మాత్రకు 5 రోజుల గడువుంది కానీ, గంటలు గడిచేకొద్దీ దాని పని తగ్గుతుంది. హెపటైటిస్-బి టీకా, మిగతా ఇన్‌ఫెక్షన్లకు మందులు కూడా ఉన్నాయి. వీటిలో దేనికీ నేరం రుజువు కానక్కర్లేదు. "నలుగురికీ తెలుస్తుందని ఆగామండీ" అని నాలుగో రోజున తల్లి ఏడుస్తుంటే, ఆమెను తప్పుపట్టలేను. కానీ హెచ్‌ఐవీ మందుల సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. అలాగని ఇక రావడమే మానకండి. గర్భ పరీక్ష, చికిత్స, కౌన్సెలింగ్ ఎన్నాళ్ల తర్వాతైనా అవసరమే.

అపోహ: ఒంటి మీద గాయాల్లేవు, అరవలేదు కూడా. మరి ఎలా నమ్మడం?

వాస్తవం: ఇలాంటి పిల్లల్లో చాలామందికి శరీర పరీక్షలో తేడా ఏమీ కనిపించదు. కొన్ని గాయాలు త్వరగా మానిపోతాయి, కొన్నిసార్లు అసలు గాయమే అవ్వదు. విపరీతమైన భయంలో ఒళ్లు కొయ్యబారి గొంతు పెగలదు. అది పిల్ల చేతుల్లో ఉండదు. 'కన్యత్వ పరీక్ష'కు శాస్త్రీయ ఆధారం లేదని, దాన్ని ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది.

అపోహ: కొత్తవాళ్లతో జాగ్రత్త అని చెబితే చాలు.

వాస్తవం: చేసేవాళ్లు ఎక్కువగా తెలిసినవాళ్లే. అందుకే పిల్ల నోరు విప్పలేకపోతుంది.

అపోహ: చిన్నపిల్ల, మర్చిపోతుంది. కొన్నాళ్లు స్కూలు మాన్పిస్తే సరి.

వాస్తవం: నిద్ర పట్టకపోవడం, చదువు మీద ధ్యాస పోవడం, మళ్లీ మళ్లీ కడుపునొప్పి... లోపలి బాధ ఇలా బయటపడుతుంది. స్కానింగ్‌లో ఏమీ దొరకదు. (ప్రతి కడుపునొప్పికీ ఇదే కారణమని కంగారుపడొద్దు. కానీ పిల్లతో ఒంటరిగా మాట్లాడే అవకాశం డాక్టరుకు ఇవ్వండి.) స్కూలు మాన్పిస్తే స్నేహితులూ దూరమవుతారు, శిక్ష ఆమెకే వేసినట్టవుతుంది.

మీ పాప మీతో చెబితే, "మంచి పని చేశావమ్మా, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు, డాక్టరుకు చెప్పాల్సి వస్తుంది. వీలైతే స్నానం చేయించకుండా, అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా తీసుకురండి. అప్పటికే చేయించేసినా పర్వాలేదు, వెంటనే రండి.