ఒకోనీ బెల్స్: కొండ మీద వెతికారు, లోయలో పూసింది

అమెరికాలో ఒకోనీ బెల్స్ అనే అడవి పూలమొక్కను అమ్మే మంచి నర్సరీలు ‘ఇవి మా దగ్గర పెంచినవే, అడవిలో తవ్వి తెచ్చినవి కావు’ అని ప్రత్యేకంగా చెప్పుకుంటాయి. ఆ సంజాయిషీ వెనక పెద్ద కథే ఉంది.

18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ రాజు తోటల కోసం మొక్కలు సేకరించడానికి అమెరికా వెళ్లిన ఆండ్రే మిషో అక్కడి దక్షిణ అపలాచియన్ కొండల దగ్గర దీన్ని సేకరించాడు. ఎండబెట్టిన ఆ నమూనా పారిస్‌లో ఓ మూల పడి ఉండగా 1839లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే కంటపడింది. దానికి ఆకులూ కాయా తప్ప పువ్వు లేదు. కెంటకీ వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ షార్ట్ గౌరవార్థం 1842లో షార్టియా అని పేరు పెట్టారు. పాపం, షార్ట్ 1863లో కన్నుమూసేదాకా ఆ మొక్కను పచ్చగా చూసింది లేదు.

నమూనాతో ఉన్న చీటీలో కరోలైనాలోని ఎత్తైన కొండలు అని ఉంది. అదే కొంప ముంచింది. గ్రే, ఆయన వెనక మరికొందరు శిఖరాలు గాలించారు. ఈ మొక్కేమో లోయల్లో, వాగుల ఒడ్డున, రోడోడెండ్రాన్ పొదల నీడలో హాయిగా పెరుగుతోంది. చివరికి 1877లో ఉత్తర కరోలైనాలోని మారియన్ దగ్గర, కటాబా నది ఒడ్డున జార్జ్ హయమ్స్ అనే కుర్రాడికి దొరికింది. మూలికల వ్యాపారంలో ఉన్న అతని తండ్రికీ అదేమిటో తెలియలేదు. ఆ సంగతి గ్రే దాకా చేరడానికి ఏడాదికి పైగా పట్టింది. తర్వాత 1886లో చార్లెస్ సార్జెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మిషో తిరిగిన దారి పట్టుకుని వెళ్లి, కియోవీ నది ఎగువన దీన్ని చూశాడు.

దొరకడమే ఆలస్యం, తవ్వకాలు మొదలయ్యాయి. ఇంత పేరున్న మొక్క ఎవరికి వద్దు? కానీ అసలు దెబ్బ తోటమాలుల పారలది కాదు. 1970ల తొలినాళ్లలో విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి జొకాసీ జలాశయం నింపినప్పుడు, ఈ మొక్కలున్న వాగుల ఒడ్లు సగానికి పైగా మునిగిపోయాయని అంచనా. మిగిలినవాటిని దక్షిణ కరోలైనాలో, ఆ జలాశయం ఒడ్డునే ఉన్న డెవిల్స్ ఫోర్క్ పార్కులో చూడవచ్చు. షార్లెట్, అట్లాంటా వైపు ఉండే తెలుగువారు మార్చి మూడో వారానికి అటుగా వెళితే పూలు దొరుకుతాయి: ఎర్రటి కాడ మీద తల వంచిన ఒక్కొక్క తెల్లని గంట, కత్తెరతో కత్తిరించినట్టున్న రేకుల అంచులు. గుండ్రని ఆకులు మెరుస్తూ ఏడాది పొడవునా ఉంటాయి, చలికి రాగిరంగు తిరుగుతాయి.

తోటలో పెంచడం అసాధ్యమేమీ కాదు. ఆమ్లగుణమున్న మట్టి, దండిగా కుళ్లిన ఆకులు, నీడ, ఆరని తడి కావాలి. నాటాక కదిలించకూడదు, వేళ్లు కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. విత్తనాల దగ్గరే చిక్కు. అవి చాలా చిన్నవి, రాలిన కొద్ది కాలానికే మొలిచే శక్తి పోతుంది, పైగా వాటికి ఆకులు కప్పని తడి నేల కావాలి. అందుకే నర్సరీలు ఎక్కువగా పిలకలు విడదీసి పెంచుతాయి. అది నిదానమైన పని. తక్కువ ధరకు బుట్టెడు మొక్కలు దొరికాయంటే అనుమానించాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. హయమ్స్‌కు దొరికిన కటాబా మొక్కల్లో కీలం, అంటే పువ్వు మధ్యలో అండాశయం మీద నిలిచే సన్నని కాడ, పొట్టి. చాలాకాలం వాటిని ఉపరకంగానే లెక్కించారు. 2019లో శాస్త్రజ్ఞులు వాటిని షార్టియా బ్రెవిస్టైలా అనే వేరే జాతిగా ప్రకటించారు. ఆ లెక్కన గ్రే దశాబ్దాల నిరీక్షణ తర్వాత చేతికందుకున్న పువ్వు, ఆయన పారిస్‌లో చూసిన మొక్కది కాదు.