క్లబ్బు సభ్యత్వం వారసులకు వస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పాత క్లబ్బుల మినిట్స్ పుస్తకాలూ సభ్యుల రిజిస్టర్లూ చదివి, వాటి చరిత్రను సంకలనం చేయడం నా వృత్తి. ఆ సంగతి తెలియగానే చాలామంది నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒక్కటే: "మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు సభ్యులండీ, ఆయన వాటా మాకెలా వస్తుంది?"

అపోహ: సభ్యత్వం ఆస్తి, తండ్రి తరువాత పిల్లలకు వస్తుంది.

రాదు. ఎందుకు రాదో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1693లో లండన్‌లో వైట్స్ అనే క్లబ్బు ఒక చాక్లెట్ పానీయశాలగా మొదలైనప్పుడు దానికి యజమాని వేరే ఉండేవాడు. వచ్చి కూర్చునే పెద్దమనుషులకు అక్కడి కుర్చీ మీద కూడా హక్కు లేదు. సభ్యులే డబ్బు వేసుకుని, కార్యవర్గాన్ని ఎన్నుకుని, భవనాన్ని ట్రస్టీల పేరిట ఉంచుకునే పద్ధతి తరువాత స్థిరపడింది. మన దేశంలోని పాత క్లబ్బుల్లో చాలావాటిది ఈ రెండవ పద్ధతే. ఇక్కడ సభ్యుడికి ఉండేది, సభ్యుడిగా ఉన్నంతకాలం అందరితో కలిసి అనుభవించే హక్కు మాత్రమే. రాజీనామాతోనో మరణంతోనో అది ముగుస్తుంది. క్లబ్బు సంఘంగా (సొసైటీగా) నమోదై ఉంటే, 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఆ సంఘం రద్దయి అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సైతం సభ్యులు పంచుకోకూడదు. అది మరొక సంఘానికి చేరాలి.

నేను చూసిన ఒక పాత రిజిస్టరులో, సభ్యుడు మరణించినప్పుడు గుమాస్తా ఆయన పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత గీసి, చివరి గడిలో తేదీ వేసేవాడు. వారసుడి పేరు రాయడానికి ఆ పుటలో గడే లేదు.

ఈ అపోహకు కొత్త ఊపిరి పోసినది 2019 నాటి కలకత్తా క్లబ్ తీర్పు. క్లబ్బూ సభ్యులూ వేరు కాదు కనుక సభ్యులకు అందించే భోజన పానీయాలు అమ్మకం కిందికి రావని సుప్రీంకోర్టు అన్నది అమ్మకపు పన్ను సందర్భంలో. దానిని పట్టుకుని "అయితే భవనంలో మనకూ వాటా ఉన్నట్టే" అని ప్రచారం చేసేవారిని చూస్తే నాకు సహనం నశిస్తుంది, ఎందుకంటే ఆ మాటను నమ్మి నష్టపోయేది వాళ్లు కాదు. ఒకసారి ఒక పెద్దావిడ, భర్త వీలునామాలో క్లబ్బు సభ్యత్వాన్ని పెద్దకొడుకుకు రాశారని, దాని మీద అన్నదమ్ములు మాటలు మానేశారని చెబుతూ పాత ప్రవేశ రుసుము రసీదును నా ముందు మడత విప్పి పెట్టారు. లేనిదాని కోసం పోట్లాడుకుంటున్నారని ఆవిడతో చెప్పడానికి నాకు చాలాసేపు నోరు రాలేదు.

ఆవిడకు చెప్పినదే ఇక్కడా చెబుతాను. మరణవార్తను క్లబ్బుకు లిఖితపూర్వకంగా తెలపండి, బకాయిల లెక్క అడగండి, తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్ ఏదైనా ఉందేమో నియమావళిలో చూడండి. జీవిత భాగస్వామి కొనసాగడానికి చాలా క్లబ్బులు అవకాశమిస్తాయి, కానీ దానికీ దరఖాస్తు పెట్టుకోవాలి. పిల్లలకు ప్రాధాన్యం దొరికినా అది ప్రవేశంలో సౌలభ్యమే తప్ప వారసత్వం కాదు. వాటాలున్న కంపెనీగా నమోదైన క్లబ్బయితే దాని ఆర్టికల్స్, అంటే కంపెనీ నియమావళి, చదవనిదే ఏమీ చెప్పలేము. బదిలీ చేయిస్తానని వచ్చే మధ్యవర్తికి మాత్రం, ఆ నియమం ఏ పుటలో ఉందో చూపించేదాకా పైసా ఇవ్వకండి.

అపోహ: కొత్త సభ్యుడి ఎన్నికలో వ్యతిరేక ఓటుగా వేసే నల్ల గోళీ ఒక్కటి పడితే చాలు, ఎవరికైనా ప్రవేశం ఉండదు.

ఎన్ని పడాలన్నది ఏ క్లబ్బుకు ఆ క్లబ్బు రాసుకున్న నియమం. 'బ్యాలెట్' అన్న మాటే చిన్న గోళీ అనే ఇటాలియన్ మాట నుంచి వచ్చింది.

అపోహ: బల్ల మీద బంతులతో ఆడే స్నూకర్‌ను కనిపెట్టిన నెవిల్ చాంబర్లేన్ బ్రిటిష్ ప్రధానే.

కాదు, పేరొక్కటే. ఈయన సైనికాధికారి, ఆట 1875లో జబల్పూరులో పుట్టింది, నియమాలు ఊటీ క్లబ్బులో స్థిరపడ్డాయి.

అపోహ: బెంగుళూరు క్లబ్బుకు చర్చిల్ బకాయిపడ్డాడన్నది కట్టుకథ.

ఇది మాత్రం నిజమే. 1899 నాటి ఎగవేతదారుల జాబితాలో ఆయన పేరు 13 రూపాయల బకాయితో ఉంది. 2020లో ఆ క్లబ్బు సంపద పన్ను కేసు తీర్పును సుప్రీంకోర్టు ఆ ప్రస్తావనతోనే మొదలుపెట్టింది.