పువ్వు పైన, కాయ కింద

రథసప్తమి మర్నాడు మా మనవరాలి చేతిలో పిడికెడు చెనిగ్గింజలు, అంటే వేరుశనగ గింజలు, పోశాను. తిరుపతిలో మా ఇంటి వెనక రెండు మంచాలంత జాగా ఉంది. ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపి గుల్లగా తవ్విపెట్టాను. ఆరేళ్ళ పిల్ల తన వేలు రెండు కణుపుల లోతు దిగేలా గుంటలు పొడిచి, జానెడుకొక గింజ వేసింది. నాలుగేళ్ళ తమ్ముడు మగ్గుతో నీళ్ళు పోశాడు. మూడో రోజు మొలిచిందో లేదో చూద్దామని తవ్వేశాడు కూడా.

తవ్వనివ్వండి. తవ్వుకోవడానికే ఇంకో నాలుగు గింజలు వేరే మూల వేసిపెట్టండి. గింజను ఎటు తిప్పి పెట్టినా మొదటి వేరు వంగి కిందికే వెళ్తుందని పిల్లలు కళ్ళారా చూస్తారు. వేయించినవి, తొక్క ఊడినవి మాత్రం పనికిరావు. వేయించని కాయలు వలిచి, ఎర్రటి పొర చెదరని గింజలే వేయాలి.

చిన్నపిల్లలతో మొదటి పంట ఏది వేయాలని ఎవరడిగినా నేను చెనిక్కాయలే చెప్తాను. మన జిల్లాల్లో చట్నీకి అవి లేని ఇల్లు ఉండదు. అయినా ఆ కాయ ఎలా పుడుతుందో చూసినవాళ్ళు పట్నంలో ఎంతమంది?

నెల దాటేసరికి పసుప్పచ్చటి పువ్వులొచ్చాయి. పొద్దున్నే విచ్చుకుంటాయి, మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి. తేనెటీగ కోసం ఎదురుచూడాల్సిన పని చాలావరకు ఉండదు. పువ్వులోని పుప్పొడి ఆ పువ్వులోనే కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) మీద పడుతుంది. వారం తర్వాత అదే చోట సూదిలాంటిది ఒకటి బయల్దేరి నేలవైపు వంగింది. ఉగాది నాటికి అలాంటివి చాలా మట్టిలోకి దిగాయి.

"ఇది వేరా అవ్వా?" అని అడిగింది మనవరాలు.

పేరే వేరుశనగ కదా, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ అది వేరు కాదు. రైతులు దాన్ని ఊడ అంటారు. మర్రిచెట్టు ఊడ నిజంగానే వేరు. చెనిక్కాయ ఊడ మాత్రం పువ్వులో భాగం. ఫలదీకరణ జరిగాక అండాశయం (పువ్వులో గింజలు తయారయ్యే భాగం) అడుగు కాడలా సాగుతుంది. రాబోయే గింజలు దాని మొనలోనే ఉంటాయి. మొక్క తన గింజల్ని తానే తీసుకెళ్ళి మట్టిలో దాచుకుంటుందన్నమాట. ఇది తెలిసిన రోజున నేను కూడా మా పిల్లంత ఆశ్చర్యపోయాను.

మట్టిలో చీకటి, తడి తగిలాకే మొన ఉబ్బి కాయవుతుంది. అందుకే నలభై ఐదు రోజులు దాటాక కలుపు తీయడం ఆపేస్తారు, ఊడలు కదిలిపోతాయని. ఇంకో విశేషం ఉంది. వేర్లు పీల్చిన కాల్షియం ఆకుల్లోకి వెళ్ళిపోతుంది, తిరిగి కాయదాకా దిగిరాదు. కాయ తన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచి తానే తీసుకోవాలి. అది చాలకపోతే పప్పు పట్టని లొట్ట కాయలే మిగులుతాయి. పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉండే ఖనిజం) వేయమనేది ఇందుకే. పెరట్లో అయితే చదరపు మీటరుకు 50 గ్రాములు చాలు.

ఒక కొమ్మ కింద మేం పెంకు ఒకటి పెట్టాం, ఊడలకు మట్టి అందకుండా. రాత్రిళ్ళు టార్చి వేసుకుని వెళ్తే ఆకులన్నీ జతలుగా ముడుచుకుని ఉండేవి. "నిద్రపోతున్నాయి, లేపకు" అని తమ్ముణ్ణి అక్క గదమాయించేది.

తిరుపతి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి రకాలు దాదాపు వంద రోజుల పంట. రథసప్తమికి వేస్తే వేసవి సెలవుల్లో చేతికొస్తుంది. పీకే ముందు నేల తడిపాం. వేర్లకు సన్నటి బుడిపెలున్నాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల లేత గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా ఉండేది అక్కడే. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం వల్ల ఆ రంగు వచ్చిందని చెప్తే పిల్ల నమ్మలేదు, మరో నాలుగు చీల్చి చూసుకుంది. తర్వాత ఒక కాయ పట్టుకుని, ఊడ వెంబడే వేలు జరుపుతూ కాండం దాకా వెళ్ళింది. "వేరుకు లేదు అవ్వా, కొమ్మకే ఉంది!"

పెంకు మీది ఊడలు అగ్గిపుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి. ఒక్కదానికీ కాయ లేదు.

కాయలన్నీ ఉప్పేసి ఉడకబెట్టాం. ఎండిన ఊడలు రెండు మాత్రం మనవరాలు తన నోట్‌బుక్కులో అతికించుకుని, పక్కనే కాయ దిగిన ఊడ బొమ్మ వేసుకుంది.