బొమ్మల పుస్తకం చదివితే డబ్బా నిండుతుందా? అపోహలు - వాస్తవాలు

2009లో మొదలైన దాన్ ఉత్సవ్, అంటే దేశమంతటా జరుపుకునే దానాల వారం, ఇప్పుడు ఏటా అక్టోబరు 2-8 మధ్య జరుగుతోంది. ఆ వారం దగ్గరపడుతుంటే బడుల్లో, గ్రంథాలయాల్లో, అపార్ట్‌మెంట్లలో ఒకటే మాట: పిల్లలకు ఓ బొమ్మల కథ చదివి, బియ్యమో పుస్తకాలో పోగుచేద్దాం అని. ఆలోచన మంచిదే. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం చాలా ఏళ్లు ఆ వారం దసరా సెలవుల్లో కలిసిపోతుంది కాబట్టి, సెలవుల తేదీలు చూసుకుని సెప్టెంబరులోనే పని మొదలుపెట్టడం మేలు. తేదీలు కుదిరాక కూడా పని చెడుతుంటే, కారణం ఎక్కువసార్లు ఈ కింది నమ్మకాల్లో ఏదో ఒకటి.

అపోహ: చివర నీతి ఉన్న కథయితే పిల్లల మనసుకు పడుతుంది.

చివరి పేజీలో "కాబట్టి పిల్లలూ..." అని ఉంటే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. నీతి పుస్తకమే చెప్పేశాక పిల్లలు మాట్లాడటానికి ఏం మిగులుతుంది? "ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే "ఇతరులకు సాయం చేయాలి టీచర్" అని అందరూ కోరస్ అందుకుంటారు. ఆ జవాబు ఏ కథకైనా సరిపోతుంది.

పుస్తకం ఎంచుకునేటప్పుడు అక్షరాల మీద కాగితం అడ్డుపెట్టి, బొమ్మలు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పండి. ఎవరి దగ్గర ఏముంది, అది ఎవరి చేతికి వెళ్లింది, ఇచ్చేటప్పుడు మొహం ఎలా ఉంది, ఇవన్నీ బొమ్మల్లోనే తెలియాలి. తర్వాత తీసుకునే మనిషిని చూడండి. కథంతా చేతులు చాచి నిలబడటమే అతని పనయితే ఆ పుస్తకం వద్దు. వినే పిల్లల్లో అలాంటి సాయం అందుకున్న ఇంటివాళ్లు ఒక్కరైనా ఉంటారు. ఆ బొమ్మ దగ్గర వాళ్లు తల దించుకునేలా చేసే కథ ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదు.

16-24 పేజీలు, పేజీకి రెండు మూడు వాక్యాలు ఉంటే సరిపోతుంది. చదవడానికి ఏడెనిమిది నిమిషాలు, మాటలకు పది పడుతుంది. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక, ప్రథమ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలు తెలుగులో వేసిన వాటిలో వెతకండి.

అపోహ: పిల్లలకు జంతువుల కథలే బాగా ఎక్కుతాయి.

పంచతంత్రం వింటూ పెరిగినవాళ్లం కాబట్టి మనకు అలా అనిపిస్తుంది. టొరంటో పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, 4-6 ఏళ్ల పిల్లల్లో కొందరికి పంచుకోవడం గురించిన కథను బట్టలు తొడుక్కున్న జంతువుల బొమ్మలతో చదివారు. ఇంకొందరికి అదే కథను మనుషుల బొమ్మలతో చదివారు. కథకు ముందూ తర్వాతా, తమ స్టిక్కర్లలో ఎన్ని వేరే పిల్లలకు ఇస్తారో లెక్కపెట్టారు. మనుషుల కథ విన్నవాళ్లు ముందుకంటే ఎక్కువిచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లు ముందుకంటే తగ్గించారు. ఒక్క ప్రయోగం చూసి కుందేళ్లను వెలివేయనక్కర్లేదు. కానీ ఇవ్వడం గురించి మాట్లాడే రోజున మన వీధిలాంటి వీధి, మన వంటిల్లులాంటి వంటిల్లు ఉన్న పుస్తకం తీయండి.

అపోహ: ప్రార్థన సమయంలో బడి మొత్తానికి ఒకేసారి చదివేస్తే సరి.

మైకులో గొంతు వినిపిస్తుంది గానీ బొమ్మ కనిపించదు. మామూలు సైజు పుస్తకానికి 20-25 మంది చాలు, అదీ అర్ధచంద్రాకారంలో, చివరి వరుస మూడు మీటర్లు దాటకుండా. అంతకుమించితే ఐదుగురికో ప్రతి ఇవ్వండి. ప్రథమ్ బుక్స్ నడిపే కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లోని కథలకు ఉచిత లైసెన్సు ఉంటుంది. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ముద్రించుకోవచ్చు, తెరమీద వేసుకోవచ్చు. మిగతా ప్రచురణకర్తల పుస్తకాలను మొత్తంగా జిరాక్స్ తీయించడం మాత్రం తప్పు. దానం గురించిన కథను దొంగప్రతి తీసి చదవడం మరీ విడ్డూరం.

అపోహ: వేడి మీదే, కథ అవగానే విరాళాల డబ్బా తిప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. పుస్తకం మూసీ మూయగానే డబ్బా కనిపిస్తే, ఇంతసేపూ కథ ఎందుకు చెప్పారో ఆరేళ్ల పిల్లకైనా అర్థమైపోతుంది. మళ్లీ ఆ గదిలో కథ అంటే పిల్లలు ముందు డబ్బా కోసం చూస్తారు.

మూడు రోజులుగా విడగొట్టండి. మొదటి రోజు కథ మాత్రమే. ప్రశ్నలు వద్దు, పిల్లలు అడిగితే జవాబు చెప్పండి, అంతే. రెండో రోజు అదే పుస్తకం మళ్లీ చదువుతూ, ఇచ్చే బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగండి. "ఇవ్వకముందు ఏమనుకుని ఉంటుంది?" "ఇవ్వకపోయి ఉంటే?" రెండు ప్రశ్నలు చాలు. అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పకండి. నిశ్శబ్దానికి భయపడి టీచరే జవాబు చెప్పేయడం మామూలుగా జరిగే పొరపాటు. మూడో రోజు "మన ఊళ్లో ఇలాంటిది ఏముంది?" అని అడిగి, పిల్లలు చెప్పినవాటిని వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయండి. వాటిలోంచి చేయగలిగినవి రెండు మూడు మిగల్చి, ఎంపిక వాళ్లకే వదలండి. ఇవ్వకుండా ఉండే వీలు కూడా ఆ ఎంపికలో ఉండాలి. ఎందుకంటే, కార్నెల్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో మూడు నాలుగేళ్ల పిల్లల్లో కొందరికి ఒక స్టిక్కర్ చూపించి, అట్టే పెట్టుకుంటావా, దిగులుగా ఉన్న ఆటబొమ్మకిస్తావా అన్నారు. కొందరిని ఇచ్చేయమని చెప్పారు. తర్వాత ఇంకో బొమ్మతో పంచుకోవాల్సి వచ్చినప్పుడు, సొంతంగా తేల్చుకుని ఇచ్చినవాళ్లే ఎక్కువిచ్చారు.

అపోహ: ఎక్కువ తెచ్చినవాళ్లకు బహుమతి పెడితే ఉత్సాహం పెరుగుతుంది.

ఆ వారం పెరుగుతుంది, మరుసటి వారానికి పడిపోతుంది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 నెలల పసివాళ్లకు సాయం చేసినందుకు బొమ్మ బహుమతిగా ఇచ్చి, తర్వాత మానేశారు. వాళ్లు సాయం చేయడం తగ్గించేశారు. ఏ బహుమతీ అందనివాళ్లలో, మెప్పు మాత్రమే అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. బోర్డు మీద పేరు పక్కన రూపాయలు రాయడం ఇంకా చెడ్డది. దాంతో తేలేది అమ్మానాన్నల జీతం. తరగతి మొత్తానికి ఒకే గీత పెట్టి, అది పైకి పాకడం చూపించండి.

అపోహ: ఇచ్చే మనసుంటే చాలు, ఏది తెచ్చినా పనికొస్తుంది.

పిడికెడు బియ్యమే తీసుకోండి. చిన్నపిల్లల పిడికిట్లో సుమారు 25-30 గ్రాములు పడతాయి. అంటే 40 మంది తరగతికి రోజుకు కిలో, ఆరు రోజులకు ఆరు కిలోలు. అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే ఒక ఇంటి సన్నబియ్యం, ఒక ఇంటి దొడ్డుబియ్యం, కొత్తవి, పాతవి కలిసిపోతాయి. వండితే ఒకటి జావయ్యేసరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది. రెండు డ్రమ్ములు పెట్టి వాటిమీద మాటలు రాయకుండా రెండు రకాల గింజలు అతికించండి, ఒకటో తరగతివాళ్లు కూడా సరిగ్గా పోస్తారు. ఎవరు ఏ డ్రమ్ములో పోస్తున్నారో పక్కవాళ్లు వ్యాఖ్యానించకుండా ఒక పెద్దమనిషి దగ్గరుండాలి. మూతలు బిగుతుగా ఉండాలి, వారం దాటకుండా చేరవేయాలి, లేదంటే పురుగు పడుతుంది.

డ్రమ్ము ఎత్తు కూడా చూసుకోండి. సంక్రాంతికి వచ్చే హరిదాసు నెత్తిమీది అక్షయపాత్ర కిందపెట్టడు, చంటిపిల్ల దోసిలి అందేలా తనే కిందికి వంగుతాడు. మన డ్రమ్ము అంచు పిల్లల నడుము దాటకూడదు.

పుస్తకాలు, బట్టలు అయితే ముందు తీసుకునేవాళ్లనడిగి జాబితా తెచ్చుకోండి. అడగకుండా పోగుచేస్తే చిరిగిన గైడ్లు, జిప్పు పోయిన బ్యాగులు వచ్చి పడతాయి, వాటిని ఏరడానికే ఒక ఆదివారం పోతుంది.

అపోహ: సర్కారు బడి పిల్లల దగ్గర ఏముంటుంది ఇవ్వడానికి?

ఐదో తరగతివాళ్లు ఒకటో తరగతివాళ్లకు రోజూ పది నిమిషాలు అదే పుస్తకం చదివి వినిపించడం దానమే. అలాంటిదేదో మూడో రోజు బోర్డు మీదకు వస్తే, డబ్బాకంటే దాన్నే ముందు పెట్టండి.

అపోహ: చిల్లర డబ్బులకు లెక్కలెందుకు?

లెక్క లేని చిల్లర మీదే ఊళ్లో మాటలు ఎక్కువ పుడతాయి. హుండీని ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి విప్పి లెక్కించి సంతకాలు పెట్టాలి. పన్ను మినహాయింపు అడిగేవాళ్లకు ముందే చెప్పండి: ఆదాయపు పన్ను మినహాయింపుకు వస్తురూప విరాళాలు చెల్లవు, నగదు 2,000 రూపాయలు దాటితే చెల్లదు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి పంపిస్తానంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చేది) ఉన్నా సరే, సంస్థకు విదేశీ విరాళం తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి కావాలి.

బియ్యం చేరిన వారంలోపు పిల్లలను మళ్లీ అదే చాపమీద కూర్చోబెట్టి, ఎన్ని కిలోలు తూగాయో, ఎక్కడికి వెళ్లాయో, ఎన్ని పూటలు వండారో చెప్పండి. ఫొటో చూపించాలంటే వంటగిన్నెది చూపండి, తిన్నవాళ్ల మొహాలు వద్దు. తర్వాత ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చెయ్యి అందే అరలో వదిలేయండి.