రికార్డు పుస్తకం నుంచి టెస్ట్ కేసుల దాకా

ప్రోగ్రాం రాసి సబ్‌మిట్ నొక్కగానే మార్కులు పడిపోయే పద్ధతి కరోనా కాలంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ అది అరవై ఏళ్లు దాటిన పద్ధతి. 1960లోనే అమెరికాలోని రెన్సెలార్ పాలిటెక్నిక్‌లో జాక్ హాలింగ్స్‌వర్త్ ఇలాంటి గ్రేడర్ గురించి, అంటే విద్యార్థుల ప్రోగ్రాంలను దిద్దే ప్రోగ్రాం గురించి రాశారు. అప్పుడు విద్యార్థులు పంచ్ కార్డుల మీద ప్రోగ్రాం ఇచ్చేవారు, ఐబీఎం 650 మెషీన్ దిద్దేది. మెషీన్ టైం బాగా ఖరీదైన రోజులవి, దాన్ని ఆదా చేయడం పెద్ద అవసరం. విద్యార్థి రాసిన ప్రోగ్రామే గ్రేడర్‌ను చెడగొట్టే ప్రమాదం ఉందని కూడా ఆయన అప్పుడే గమనించారు. 1965లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఫోర్సైత్, విర్త్ ఇదే పని మీద వ్యాసం రాశారు. 1994లో కాపీ కోడ్‌ను పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2002లో ఆన్‌లైన్ క్లాసులు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్ వచ్చాక, ప్రోగ్రాంలను దిద్దే వీపీఎల్, కోడ్‌రన్నర్ లాంటివి దానికి జతపడ్డాయి.

మన దగ్గర చాలాకాలం ల్యాబ్ అంటే ఆబ్జర్వేషన్, రికార్డు, చివర్లో వైవా. సీనియర్ రికార్డు చూసి ఎక్కించినా సంతకం పడేది. ఆ ప్రోగ్రాం నిజంగా నడుస్తుందో లేదో రికార్డు చెప్పదు. ఈ ఒక్క విషయంలో మెషీన్ దిద్దడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీ, అంటే మన ట్రిపుల్ ఐటీల యూనివర్సిటీ, విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పింది. ఆ తర్వాత ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటెల్ ప్రోగ్రామింగ్ కోర్సులు టెస్ట్ కేసులను, అంటే ప్రోగ్రాంను పరీక్షించడానికి ఇచ్చే అంకెలను, వాటికి రావాల్సిన జవాబులను, పైకి కనిపించేవీ దాచి ఉంచేవీ రెండూ మన పిల్లలకు అలవాటు చేశాయి. 2021 మేలో యూజీసీ బ్లెండెడ్ లెర్నింగ్ ముసాయిదా ఒక్కో కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చంది.

అసలు చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కలో చూద్దాం. మూడు సబ్జెక్టుల సగటు కట్టాలి. పిల్లవాడు సీ లాంటి భాషలో మొత్తాన్ని ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) పెట్టి, ఇంటీజర్ 3తోనే భాగించి, వచ్చినదాన్ని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలో) వేశాడు, కానీ దశాంశ భాగం భాగహారంలోనే పోయింది. పైకి కనిపించే కేసులో 60, 70, 80 ఉన్నాయి, సగటు 70.00 వచ్చింది, పాస్. దాచిన కేసులో 70, 75, 81 ఉన్నాయి. 75.33 రావాలి, వాడి ప్రోగ్రాం 75.00 ఇస్తుంది. తెర మీద మాత్రం 'ఫెయిల్డ్' అన్న ఒక్క మాటే కనబడుతుంది. పక్క బెంచీవాడు లెక్క సరిగ్గానే కట్టి, జవాబు తెర మీద చూపించేటప్పుడు ఈక్వల్ గుర్తు ఉండాల్సిన చోట కోలన్ పెట్టాడు. అక్షరం అక్షరం పోల్చే గ్రేడర్ అయితే వాడికీ అదే 'ఫెయిల్డ్'. ఒకడికి భాగహారం అర్థం కాలేదు, ఇంకొకడు ప్రశ్న సరిగ్గా చదవలేదు. ఇద్దరికీ ఒకే సున్నా పడటం నాకు అన్యాయంగానే తోస్తుంది. పక్కన కూర్చున్న సార్ అయితే రెండు నిమిషాల్లో తేడా చెప్పేస్తారు.

1960లో ఆదా చేయాల్సింది మెషీన్ టైం. ఇప్పుడు మన ల్యాబుల్లో కరువైనది ఆ రెండు నిమిషాలే. దిద్దే పని తప్పాక సార్లకు మిగిలే సమయం ఇంకో సెక్షన్‌కో ఆఫీసు పనికో పోతే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. అటానమస్ కాలేజీలకు సిలబస్‌తో పాటు ఇంటర్నల్ మార్కుల లెక్క కూడా తమ చేతిలోనే ఉంటుంది. గడువు దాటాక దాచిన కేసులు పిల్లలకు చూపించి, తప్పు దిద్దుకుని మళ్లీ సబ్‌మిట్ చేయనివ్వాలి. ఇంటర్నల్స్‌లో సగం మార్కులైనా విద్యార్థి తన కోడ్ గురించి నోటితో చెప్పినదానికి ఉంచాలి. ఈ రెండూ కాలేజీలో సిలబస్ చూసే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయాలు, వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.