అంతా ప్రకృతి ఆహారమే కదా, బిళ్ళలెందుకు? బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత శాకాహారం: అపోహలు, వాస్తవాలు

బరువు తగ్గడానికి పొట్టకి చేసే స్లీవ్, బైపాస్ లాంటి ఆపరేషన్లు చేయించుకుని, ఆ తర్వాత పూర్తిగా మొక్కల ఆహారానికి మారిపోయినవాళ్ళు ఈ మధ్య మా ఓపీకి బాగా వస్తున్నారు. మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేస్తారు. ప్యాకెట్ సరుకుల జోలికి పోరు. పప్పులు, కూరగాయలు, పళ్ళు, ముడిధాన్యాలు, గింజలు, అంతే. విజయవాడలో డైటీషియన్‌గా పనిచేస్తున్న నాకు ఇందులో అభ్యంతరం ఏమీ లేదు. పద్ధతిగా చేస్తే షుగర్‌కీ, బీపీకీ, కొలెస్టరాల్‌కీ మంచిదే. కానీ ఆ తిండితో పాటు ఒక మాట కూడా వస్తోంది. నా ఓపికకి పరీక్ష పెట్టేది అదే: "మేడమ్, అంతా ప్రకృతి ఆహారమే తింటున్నాం కదా, ఇంకా ఈ విటమిన్ బిళ్ళలెందుకండీ?"

మిగతా అపోహల్లో చాలావాటి వల్ల మహా అయితే బరువు కాస్త పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, కడుపు ఉబ్బుతుంది. ఈ అపోహ వల్ల నరాలు పోతాయి. అందుకని ముందు దీని సంగతి చూద్దాం.

మంగళగిరి వైపు నుంచి వచ్చే ఒకావిడ ఉన్నారు. ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. బైపాస్ అయ్యాక బరువు బాగా తగ్గారు, షుగర్ మందు ఆగింది, మోకాళ్ళ నొప్పులు పోయాయి. ఒంట్లో హాయిగా ఉంది కాబట్టి విటమిన్ బిళ్ళలు కూడా ఆపేశారు. ఎవరో చెబితే పెరుగు కూడా మానేసి మొలకలు, ఆకుకూరలు, పళ్ళ మీదకి వచ్చారు. కొన్నాళ్ళకి అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు మొదలయ్యాయి. "పాత షుగర్ వల్లేలే" అనుకున్నారు ఆవిడా, చూసిన డాక్టరూ. ఆ తర్వాత నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. పొద్దున్నే కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే తూలిపోయేవారు. ఈ చివరి మాట విన్నాకే నాకు గుండె దడ పుట్టింది. పరీక్ష చేయిస్తే నరాలకి కావాల్సిన విటమిన్ బి12 అడుగంటింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మంటలు తగ్గాయి. నడకలో తూలు మాత్రం పూర్తిగా పోలేదు. వెన్నుపాములో నరాలకి దెబ్బ తగిలి ఆలస్యమైతే కొంత అలాగే మిగిలిపోతుంది.

ఇలా ఎందుకవుతుందో ఒకసారి సరిగ్గా వినండి. ఆహారంలోని బి12ని విడదీయడానికి పొట్టలో ఆమ్లం కావాలి. విడదీసిన బి12ని చిన్నపేగు చివరిదాకా చేర్చి రక్తంలోకి ఎక్కించడానికి ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కావాలి. అదీ పొట్ట గోడల్లోనే తయారవుతుంది. స్లీవ్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. బైపాస్‌లో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం వాడుకలో ఉంచి, మిగతా పొట్టనీ చిన్నపేగు మొదటి భాగాన్నీ దారి తప్పిస్తారు. రెండిట్లోనూ బి12 ఎక్కే దారి సన్నబడుతుంది. దానికి తోడు మొక్కల ఆహారంలో నమ్ముకోదగ్గ బి12 అసలు లేదు. దారీ సన్నబడింది, సరుకూ రావడం లేదు. ఆ పైన చాలామంది రోజూ మింగే గ్యాస్ బిళ్ళ ఉన్న ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ని తగ్గించేదే.

మరి ఆపేసిన వెంటనే ఎందుకు తెలియదు? కాలేయంలో నిల్వ ఉంటుంది. అది అయిపోవడానికి రెండు మూడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. "నేను ఏడాది నుంచీ ఏమీ వేసుకోవడం లేదు, నాకేం కాలేదుగా" అనేవాళ్ళు ఆ నిల్వనే తింటున్నారన్నమాట.

"మా తాత పుట్టు శాకాహారి, తొంభై ఏళ్ళు బతికాడు, ఏ బిళ్ళా మింగలేదు" అని గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాతో గట్టిగానే వాదించారు. తాతగారికి పొట్ట మొత్తం ఉంది బాబాయిగారూ, పైగా పూటపూటా గేదె పెరుగు తిన్నారు అన్నాను. ఆయన నవ్వేశారు. బిళ్ళలు వేసుకుంటున్నారో లేదో మాత్రం వచ్చే విజిట్‌కి గానీ తెలియదు.

హిమోగ్లోబిన్ బాగానే ఉంది కాబట్టి బి12 కూడా ఉన్నట్టే అనుకోవడం ఇంకో ప్రమాదం. ఆకుకూరలు, పప్పులు దండిగా తినేవాళ్ళలో ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ ఎక్కువగా ఉంటుంది. బి12 తక్కువైనప్పుడు రావాల్సిన రక్తహీనతను ఆ ఫోలేట్ కప్పిపెడుతుంది. రిపోర్టులో రక్తం బాగుంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటీ చూసి ధైర్యపడొద్దు. బి12 విడిగా చూపించుకోండి, బార్డర్‌లో ఉంటే, బి12 తగ్గినప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా.

ఇక వాట్సాప్‌లో తిరిగేవి. చద్దన్నంలో బి12 ఉందట, ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందట, స్పిరులినా అనే నాచు పొడి వేసుకుంటే చాలట. చద్దన్నం నాకూ ఇష్టమే, ఉల్లిపాయ నంజుకుని తినండి, దాన్ని మందుగా లెక్కేసుకోకండి. స్పిరులినాలో కనిపించేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. పరీక్షలో అంకె కూడా కనబడొచ్చు, నరానికి మాత్రం అందదు.

డోసు చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు. "రోజుకి రెండు మైక్రోగ్రాములు చాలంటారు, మీరు వెయ్యి రాశారేంటి?" మంచి ప్రశ్నే. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ సాయం లేకుండా పేగు గోడలోంచి దానంతట అది లోపలికి ఎక్కేది సుమారు ఒక్క శాతం. వెయ్యి మింగితే పది ఎక్కుతుంది. ఆ లెక్క మీదే రోజుకి 350 నుంచి 1000 మైక్రోగ్రాముల బిళ్ళ గానీ, నెలకి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ గానీ ఇస్తాం. ఇంత చిన్న బిళ్ళ కోసం ఇంత వాదన పెట్టుకుంటాం, కాఫీకి మాత్రం రోజూ లేస్తూనే డబ్బు పెడతాం!

"మూత్రం పచ్చగా వస్తోంది, వేసుకున్నదంతా బయటికే పోతోంది" అని ఆపేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రంగు మల్టీవిటమిన్‌లో ఉండే రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2ది. అది అలాగే వస్తుంది. మిగతావి ఎక్కాయో లేదో దాన్ని బట్టి చెప్పలేం.

పూర్తి వేగన్‌గా ఉండాలనుకునేవాళ్ళకి బిళ్ళలు జంతువుల నుంచి వస్తాయేమోనని బెంగ. ఆ బెంగ నాకు అర్థమవుతుంది, తేలిగ్గా తీసుకోను. బి12ని బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేస్తారు. విటమిన్ డి3 మామూలుగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి వస్తుంది. అది వద్దంటే రాళ్ళ మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3 దొరుకుతుంది. జెలటిన్ గొట్టం వద్దంటే క్యాప్సూల్ మానేసి బిళ్ళ రూపంలో అడగండి. దారులున్నాయి. మానేయడం మాత్రం దారి కాదు.

మిగతా బిళ్ళల గురించి త్వరగా చెప్పేస్తాను. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కి కాఫీ, టీ శత్రువులు, నిమ్మరసం మిత్రుడు. కాల్షియం రోజుకి మొత్తం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి, ఒక్కసారి 500, 600 దాటకుండా విడగొట్టాలి. పాలు, పెరుగు మానేసినవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చేది కార్బొనేట్, అది ఒంటబట్టాలంటే ఆమ్లం కావాలి. మీకు సిట్రేట్ మంచిది. థైరాయిడ్ బిళ్ళకీ వీటికీ, సోయాకీ నాలుగు గంటల దూరం.

అపోహ: మాంసం, గుడ్డు లేకుండా ప్రొటీన్ రాదు.
వస్తుంది. దానంతట అదే రాదు, లెక్కేసుకుని తినాలి. రోజుకి కనీసం 60 గ్రాములు, చాలామందికి 80 దాకా కావాలి. మీ పొట్టలో పట్టేది గుప్పెడు. అందులో సగం అన్నంతో నింపేస్తే అయిపోయింది. నలభై గ్రాముల పెసలతో పెసరట్టు వేస్తే పది గ్రాములు. ముప్పై గ్రాముల ఎండు మీల్ మేకర్ నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఖీమాలా చితక్కొట్టి వండితే పదిహేను. నలభై గ్రాముల కందిపప్పు గట్టిగా వండితే తొమ్మిది. వంద గ్రాముల టోఫూ పదో పన్నెండో ఇస్తుంది. పుట్నాల పొడి, పల్లీ పొడి, సోయా పాలు కలిస్తే 60 దాటుతారు. మొదటి రెండు మూడు నెలల్లో మాత్రం ఇంత తినలేరు. అప్పుడు సోయా లేదా బఠానీ ప్రొటీన్ పౌడర్ వాడమంటాను. "అది హోల్ ఫుడ్, అంటే ఉన్నదున్నట్టు తినే ప్రకృతి ఆహారం కాదు కదా మేడమ్" అంటారు. కాదు. కుట్లు మానేదాకా సిద్ధాంతాన్ని కాస్త పక్కన పెట్టండి.

పప్పుచారు, ఉలవచారు తాగి ప్రొటీన్ తీసుకున్నామనుకునేవాళ్ళకి మా అమ్మమ్మ వాళ్ళ ఇంటి సంగతి చెబుతుంటాను. తెనాలి దగ్గర పల్లెటూరు. పెద్ద కుండలో ఉలవలు ఉడకబెట్టి, నీళ్ళు వంచి ఆ నీళ్ళతో చారు కాచేవారు. ఉడికిన ఉలవలు దొడ్లో గేదెలకి పెట్టేవారు. మేం లొట్టలేసుకుంటూ చారు పోసుకునేవాళ్ళం, ప్రొటీన్ చాలావరకు గేదెలు తినేవి. ఇంట్లో అందరికన్నా వాటి ఒళ్ళే నిగనిగలాడేది మరి! ఉలవచారు రుచికి తాగండి. లెక్కకి మాత్రం ఉలవలు గుగ్గిళ్ళు చేసుకుని, మెత్తగా నమిలి తినండి.

అపోహ: పచ్చివైతే ఎంత తిన్నా మంచిదే, బెల్లం, పళ్ళరసం ఫరవాలేదు.
ఆపరేషన్ అయిన కొత్తలో ముందు పల్చనివి, తర్వాత చిక్కనివి, మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తటి ఘనాహారం, ఇలా వెళ్ళాలి. పచ్చి సలాడ్లు, మొలకలు ఆ దశలన్నీ దాటి సర్జన్ సరే అన్నాకే. పీచు ఎక్కువున్నవి నమలకుండా మింగితే చిన్న పొట్టలో ఉండకట్టి అడ్డుపడతాయి. ములక్కాడ పిప్పి ఉమ్మేయండి, బత్తాయి తొన మీది తెల్ల పొర తీసేయండి. బెల్లమైనా, చెరకురసమైనా, ఖర్జూరం వేసిన స్మూతీ అయినా పేగుకి చక్కెర చక్కెరే. బైపాస్ వాళ్ళకి తాగిన అరగంటలోపే గుండె దడ, చెమటలు, విరేచనం పట్టుకోవచ్చు. పచ్చి పాలకూర రసం గ్లాసులకు గ్లాసులు తాగకండి, అందులో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ, బైపాస్ తర్వాత కిడ్నీలో రాళ్ళకి దారి తీస్తుంది. తిన్న అరగంట దాకా నీళ్ళు తాగకండి.

మూడో నెల నుంచి జుట్టు రాలుతోందని ఏడ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు అది మామూలే. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే చాలావరకు తిరిగొస్తుంది. నూనెలకి డబ్బు తగలేయకండి. పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఆగండి.

ఒక్కటి మాత్రం హడావిడిగా దాటేయలేను. వాంతులు. "ఆపరేషన్ తర్వాత వాంతులు మామూలే" అని రోజుల తరబడి ఓర్చుకుంటారు. నీరసమొస్తే ఊళ్ళో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు. బి12లా ఏళ్ళ నిల్వ కాదు థయామిన్‌ది, అంటే బి1ది. కొన్ని వారాల్లోనే అయిపోతుంది. అది లేని ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ ఎక్కితే మెదడుకి దెబ్బ తగలొచ్చు. చూపు రెండుగా కనిపించడం, తూలడం, మాట తికమక పడటం దాని లక్షణాలు. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే సర్జన్‌కి ఫోన్ చేయండి. ఎక్కడ సెలైన్ పెట్టినా "నాకు బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇవ్వండి" అని చెప్పండి. కార్తీకమాసంలో ఒంటిపూట ఉపవాసాలు చేసేవాళ్ళు కూడా మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోవద్దు. శివుడేమీ అనుకోడు.

మొదటి ఏడాది మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెలల్లో, తర్వాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్). బరువు మళ్ళీ పెరిగిందని సిగ్గుపడి రావడం మానేస్తారు కొందరు. నేను తిట్టను, రండి. వచ్చేటప్పుడు బిళ్ళల పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు, డబ్బాలు, స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చేయండి, సగం వాడి ఆపేసినవి కూడా.